నిద్ర నుంచి వెనక్కి లెక్క

మా చెల్లెలి అత్తగారు కాగితం మీద మొదట రాసిన అంకె ఏడు. అది అతిథుల లెక్క కాదు, కేకు బరువూ కాదు. రాత్రి ఏడింటికి పాప నిద్రపోతుంది, అంతే. "పాప నిద్రబొయ్యే టైము ముందు రాయండబ్బా. మిగిలిందంతా ఆడ్నించి ఎనక్కి లెక్కేసుకోవచ్చు" అంది. వీధిలో అందరికీ ఆమె అవ్వే కాబట్టి నేనూ అవ్వ అనే అంటాను. 2025లో ఆమె మనవరాలి మొదటి పుట్టినరోజుకని ఒడుగత్తూరు వెళ్లి రెండు వారాలు ఉన్నాను. పెద్దగా చేసిన పనేమీ లేదు. కూర్చుని చూశాను.

ఒడుగత్తూరు వేలూరు జిల్లా అణైకట్టు తాలూకాలో, జవ్వాది కొండల పాదాన ఉంటుంది. 1911 దాకా చిత్తూరు, వేలూరు, గుడియాత్తం అన్నీ ఉత్తర ఆర్కాటు అనే ఒకే జిల్లా. ఆ ఏడు చిత్తూరు వేరుపడింది. జిల్లా గీత జరిగినా ఇళ్లలో తెలుగు ఉన్నచోటే ఉంది, తెలుగు పంచాంగమూ ఉన్నచోటే ఉంది. పక్కనే గోడకు రోజుకో కాగితం చింపే తమిళ దినసరి క్యాలెండరు. ఫోనులో ఇంగ్లీషు తేదీ. అందుకే ఇక్కడి తెలుగు ఇళ్లలో పుట్టే పిల్లలకు ఏడాదికి మూడు పుట్టినరోజులు.

అవ్వ నేర్పు మొదట కనబడింది ఈ మూడింటినీ ఆమె విడదీసిన తీరులో. పాప 2024 ఏప్రిల్ 9న, ఉగాది నాడు మధ్యాహ్నం పుట్టింది. తెలుగు లెక్కకు తిథి ముఖ్యం. చంద్రుడు సూర్యుడికన్నా పన్నెండు డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి. అలాంటివి ముప్పై అయితే ఒక చాంద్రమాసం. పన్నెండు చాంద్రమాసాలు కలిపినా 354 రోజులే కాబట్టి తిథి పుట్టినరోజు ఇంగ్లీషు తేదీ కన్నా ఏటా పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. రెండేళ్ల ఎనిమిది నెలలకు అటూ ఇటూగా అధికమాసం వచ్చి దాన్ని ఒక్కసారిగా ముందుకు నెడుతుంది. పాప పుట్టిన తిథి చైత్ర శుద్ధ పాడ్యమి గనక ఆమె తిథి పుట్టినరోజు ఎప్పుడూ ఉగాదే. 2025లో అది మార్చి 30న పడింది.

తమిళ లెక్కలో సౌరమాసమూ నక్షత్రమూ చూస్తారు. సూర్యుడు మీనరాశిలో ఉండే పంగుణి నెలలో అశ్వినీ నక్షత్రం ఏ రోజు వస్తే ఆ రోజు. చంద్రుడు ఇరవై ఏడు నక్షత్రాలూ చుట్టి రావడానికి ఇరవై ఏడు రోజుల పైచిలుకు పడుతుంది. సౌరమాసం అంతకన్నా పొడవు కాబట్టి ఒక్కోసారి ఒకే నెలలో ఒకే నక్షత్రం రెండుసార్లు తగులుతుంది. అప్పుడు రెండోదాన్ని తీసుకోవడం చాలా ఇళ్లలో వాడుక. ఆ ఏడు ఆ చిక్కు రాలేదు. అశ్విని ఒక్కసారే వచ్చింది, మార్చి 31న, మధ్యాహ్నం దాటే వరకు.

ఈ పంచాంగ యంత్రంలో నాకు బాగా నచ్చిన పళ్లచక్రం ఒకటుంది. పందొమ్మిదేళ్లకు 235 చాంద్రమాసాలు ఇంచుమించు సరిగ్గా సరిపోతాయి, తేడా రెండు గంటలే. అందుకే పందొమ్మిదో ఏట తిథి, తేదీ మళ్లీ కలుసుకుంటాయి, మహా అయితే ఒక రోజు అటూ ఇటూగా. పాప పుట్టిన 2024లో ఉగాది ఏప్రిల్ 9. దానికి పందొమ్మిదేళ్ల ముందు, 2005లోనూ ఉగాది ఏప్రిల్ 9నే. రెండుసార్లూ ముందు రోజు అమావాస్యకు లోకంలో ఎక్కడో ఒకచోట సూర్యగ్రహణం పట్టింది. ఈ మాట చెబితే అవ్వ ఆశ్చర్యపోలేదు. "చంద్రుడు లెక్క దప్పుతాడా" అంది.

మూడు రోజుల్లో రెండింటి పని వాటంతటవే తేలిపోయింది. ఉగాది ఉదయం తలంటు, దేవుడి దగ్గర దీపం, మార్కండేయుణ్ని తలుచుకుని నువ్వులు, బెల్లం కలిపిన పాలు. పాప నోటికి ఆ పాలు ఒక్క చుక్కే అంటించారు. మర్నాడు సోమవారం పొద్దున ఆయుష్ హోమం. ఆ రోజు రంజాన్ కూడా కావడంతో పాప తండ్రికి సెలవు కలిసొచ్చింది. మిగిలింది సాయంత్రపు పార్టీ. కేకు, బెలూన్లు, బిరియాని అన్నీ దానికే.

దానికి రోజు కుదరడమే కష్టమైంది. ఏప్రిల్ 9 బుధవారం, ఆఫీసులున్న రోజు. పుట్టినరోజు అసలు తేదీకి ముందే చేయకూడదని అవ్వ పట్టు, పైగా ముందు వచ్చే ఆదివారం ఏప్రిల్ 6 శ్రీరామనవమి. 11 శుక్రవారం పంగుణి ఉత్తిరం పండగ. 12 శనివారం, వెంకటేశ్వరస్వామి రోజు, మాంసం పొయ్యెక్కదు. 13 ఆదివారం ఏ అడ్డూ లేదు. పైగా 14న తమిళ సంవత్సరాది సెలవు, దూరం నుంచి వచ్చినవాళ్లు ఆ రాత్రి ఉండిపోవచ్చు. జల్లెడలో ఒక్కొక్కటే జారిపోగా చివరికి ఒకే గింజ నిలిచినట్టు, క్యాలెండరులో 13 నిలిచింది. పంచాంగం, సెలవుల పట్టిక, వంటింటి నియమాలు మూడూ ఒకేసారి ఎదురుగా పెట్టుకుని ఆమె ఈ పని పది నిమిషాల్లో ముగించింది. నాకైతే ఒక కాగితమంతా కొట్టివేతలే మిగిలేవి.

ఇక రోజులోపలి లెక్క. ఏడింటికి నిద్ర. నిద్రకు ముందు ఒళ్లు తుడవడం, పాలు, ఊయల కలిపి ముప్పావు గంట. అంటే ఆరుంబావుకు పాప జనం మధ్య నుంచి లోపలికి వెళ్లిపోవాలి. మధ్యాహ్నం నిద్ర లేచేది మూడున్నరకు. లేచిన గంట దాకా కొత్తవాళ్లెవరూ ఎత్తుకోకూడదు, ఎత్తుకుంటే ఏడుపు. నాలుగున్నర నుంచి ఆరుంబావు దాకా, ఇదీ వేడుక నిడివి. గంటా నలభై ఐదు నిమిషాలు. అందులో కేకు కోసే సమయం మధ్యలో ఐదున్నరకు పెట్టింది. అంతకన్నా ముందయితే చుట్టాలు చేరరు, ఆలస్యమైతే పాప చిరాకుపడుతుంది. పిలుపుల్లో మాత్రం నాలుగింటికే రమ్మని చెప్పించింది. మన వాళ్లు అరగంట ఆలస్యంగా వస్తారన్నది ఆమె లెక్కలో ముందే కలిపిన అంకె. పైగా వేలూరు ఏప్రిల్ ఎండకు నాలుగు దాటితే గాని ఎవరూ గుమ్మం దాటరు.

ఈ వెనక్కి లెక్కపెట్టే పద్ధతి నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించింది. నేను చూసిన పుట్టినరోజులు చాలావరకు ముందుకు నడిచేవి. హాలు చేతికొచ్చేది ఆరున్నరకు, కేకు వచ్చేది ఏడున్నరకు, ఫోటోగ్రాఫరు లైట్లు సర్దేసరికి ఎనిమిది. అప్పటికి ఎవరి కోసం ఇదంతా చేశామో ఆ బిడ్డ తల్లి భుజం మీద ఏడుస్తూనో, నోరు తెరిచి నిద్రపోతూనో ఉంటుంది.

పిలిచింది నలభై మందిని. పెద్దలు ఇరవై ఆరు, పిల్లలు పద్నాలుగు. ఇద్దరు పిల్లలు ఒక పెద్ద మనిషి కింద లెక్క, కాబట్టి ముప్పై మూడు పొట్టలు. కిలో బియ్యం బిరియాని పదిమందికి. మూడుకిలోల మూడువందల గ్రాములు చాలు, అయినా అవ్వ నాలుగు రాసింది. బిరియాని ఆంబూరు తరహాది. బియ్యం జీలకర్రలా సన్నగా, పొట్టిగా ఉండే సీరగ సాంబా. ఇది బాస్మతిలా పొడుగ్గా సాగదు, గింజ చిన్నగానే ఉండి మసాలాను పీల్చుకుంటుంది. ఎండుమిరపకాయల్ని నానబెట్టి నూరిన ముద్ద, పెరుగు, అల్లం వెల్లుల్లి వేసి మాంసాన్ని ముందు ఉడికిస్తారు. బియ్యాన్ని వేరే నీళ్లలో ముప్పాతిక వంతు ఉడికించి, వార్చి, మాంసం మీద వేస్తారు. మూత మీద నిప్పులు పెట్టి దమ్ము పట్టిస్తారు. బియ్యం ఎంతో మాంసం అంత, నాలుగుకు నాలుగు. ఒడుగత్తూరులో శుక్రవారం జరిగే మేకల సంత ఆ చుట్టుపక్కల పేరున్నదే. అయినా నాలుగు కిలోలకు మేకను కొనడం ఎందుకని ఆదివారం తెల్లవారకముందే అంగడికి మనిషిని పంపింది.

పక్కన వంకాయ కూర. దాని కోసం అవ్వ బజారుకు పోలేదు, ఇలవంబాడి నుంచి తెప్పించింది. అదే తాలూకాలో ఉన్న ఆ ఊరి ముళ్ల వంకాయకు 2023లో భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. తొడిమ మీదా కొమ్మ మీదా ముళ్లుంటాయి, కోసేవాళ్ల వేళ్లు జాగ్రత్త. చింతపండు పులుపు, నువ్వుల పొడి పడితే ఆ వంకాయ బిరియాని కారాన్ని కాస్త చల్లారుస్తుంది. పాప వయసు పిల్లలకు మిరపకాయ తగలని వేరే గిన్నె, మెత్తగా పిసికిన పెరుగన్నం. ఆ గిన్నెకు వేరే గరిటె. గరిటె మారకుండా చూసే పని మా చెల్లెలికి.

బెలూన్ల తోరణం మా తమ్ముడి బాధ్యత. వాడు మేనమామ, తోరణం కట్టడం మేనమామ వంతని ఎవరూ అనలేదు గానీ వాడే తీసుకున్నాడు. గుమ్మం మీదుగా పన్నెండు అడుగుల విల్లు. దానికి ఇరవై గుత్తులు, గుత్తికి నాలుగు చొప్పున ఎనభై బెలూన్లు.

తోరణం కట్టడంలో మొదటి సూత్రం సైజు. బెలూను ఊదేటప్పుడు మొదటి ఊపిరే కష్టం. రబ్బరు చిన్నగా ఉన్నప్పుడు లోపలి ఒత్తిడి ఎక్కువ. కొంచెం ఉబ్బగానే ఒత్తిడి తగ్గిపోతుంది, తర్వాత చాలా దూరం దాదాపు ఒకేలా ఉండి, పగలబోయే ముందు మళ్లీ పెరుగుతుంది. అందుకే మధ్యలో ఎంత ఊదామో పంపు మీది చేతికి తెలియదు. రెండు బెలూన్లు ఒకే బిగువుగా అనిపిస్తూనే వేర్వేరు సైజుల్లో ఉంటాయి. కన్ను కూడా మోసపోతుంది. తమ్ముడు దీనికి ఒక అట్టపెట్టె తెచ్చాడు. పక్క గోడకు ఎనిమిది అంగుళాల గుండ్రటి కన్నం కోశాడు. బెలూను కొంచెం ఎక్కువ ఊది, కన్నంలో పెట్టి, అంచులు తాకీ తాకనట్టు జారేదాకా గాలి వదిలి ముడి వేస్తాడు. పది అంగుళాల బెలూన్లను ఎనిమిదికే ఊదడంలో ఇంకో లెక్క ఉంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు నింపిన గాలి మధ్యాహ్నం ఎండకు నూటికి మూడు నాలుగు వంతులు ఉబ్బుతుంది. నిండా ఊదినవి రెండింటికల్లా టపటపమంటాయి.

రెండో సూత్రం జతలు. రెండు బెలూన్ల మూతుల్ని ఒకదానితో ఒకటి ముడేస్తే ఒక జత. రెండు జతల్ని మధ్యలో అడ్డంగా మెలిపెడితే నాలుగు బెలూన్ల గుత్తి, పైనుంచి చూస్తే నాలుగు రేకల పువ్వు. అడుగున గట్టి నైలాన్ తీగ. మొదటి గుత్తిని తీగకు రెండుసార్లు చుట్టి బిగిస్తాడు. తర్వాతి గుత్తిని అర రేక మేర తిప్పి, కింది గుత్తి రేకల మధ్య ఖాళీల్లో కూర్చోబెడతాడు. పై బెలూను కింది రెండింటి మధ్య పల్లంలో ఒదుగుతుంది. అలా ఒక్కో గుత్తీ కిందిదానికి తాళం వేస్తుంది, తీగ మీద జారదు. రంగుల వరస మారకుండా పెడితే ఒక్కో రంగు మెలితిరుగుతూ విల్లు పొడవునా పైకెక్కుతుంది. రంగుల్ని మెలితిప్పినవాళ్లు ఎవరూ లేరు, ఆ అర రేక మలుపే తిప్పింది. సైజులో ఒకటి తప్పినా ఆ మెలిక అక్కడ ముడతపడుతుంది. అట్టపెట్టె కన్నం విలువ అప్పుడు తెలిసింది.

అవ్వ తోరణం చూసి మెచ్చుకుని, అడుగుభాగం తీసేయమంది. పాకే పిల్లల చేతికందే ఎత్తులో ఒక్క బెలూనూ ఉండకూడదు. పగిలిన రబ్బరు ముక్క చిన్నపిల్లల గొంతులో పడితే ఊపిరాడదు. బెలూన్ల ప్యాకెట్ల మీద ఎనిమిదేళ్లలోపు పిల్లల గురించి హెచ్చరిక ఉండేది అందుకే. పదేళ్ల పిల్లవాడొకడికి డబ్బా ఇచ్చి ఒక పని అప్పగించింది: బెలూను పగిలిన శబ్దం వినగానే పరిగెత్తి ముక్కలు ఏరాలి. వాడు సాయంత్రమంతా పోలీసులా తిరిగాడు.

కేకు గురించి ఎక్కువ చెప్పను. ఊళ్లో బేకరీలో చెప్పింది, కిలోన్నర. పైన క్రీము పలచగానే వేయించింది, ఎండకు కరిగిపోతుందని. దాని మీద ఒకటే కొవ్వొత్తి. ఇంట్లో దీపం ఆర్పడం కిట్టదు కాబట్టి ముందు దేవుడి దగ్గర దీపం వెలిగించి, అది వెలుగుతుండగానే కొవ్వొత్తి ఊదడం ఈ ఇంటి పద్ధతి. ఒకటి ఆరినా ఒకటి వెలుగుతూ ఉంటుంది.

ఆ కొవ్వొత్తి వెలిగించిన అగ్గిపెట్టె గుడియాత్తంలో చేసింది. తమిళనాట దక్షిణాన శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి ఎలాగో ఉత్తరాన అగ్గిపెట్టెలకు గుడియాత్తం అలాగ. చేతిలో పెట్టుకుని చూస్తే అగ్గిపుల్లను మించిన చిన్న యంత్రం లేదు. పుల్ల తలలో పొటాషియం క్లోరేట్, గంధకం, జిగురు. పెట్టె పక్కన గీతలో ఎర్ర భాస్వరం, గాజు పొడి. రెండూ వేరువేరు చోట్ల ఉన్నంతకాలం ఏమీ జరగదు, క్షేమకరమైన అగ్గిపుల్ల కిటుకంతా ఈ విడదీతలోనే ఉంది. గీసినప్పుడు గాజు పొడి రాపిడికి భాస్వరం రేణువు అంటుకుని క్లోరేటును రగిలిస్తుంది. తల మంట క్షణంలో పోతుంది. ఆ క్షణంలో మంట కర్రకు పాకడానికి పుల్ల పైభాగాన్ని ముందే మైనంలో ముంచి ఉంచుతారు. 2021 డిసెంబరు 1న పెట్టె ధర రూపాయి నుంచి రెండు రూపాయలైంది, పద్నాలుగేళ్ల తర్వాత. ఇన్ని పనులు పట్టిన వస్తువు ఇంకేదీ ఆ ధరకు నాకు తెలిసి దొరకదు. అగ్గిపెట్టెల పనిలో ఒకప్పుడు పిల్లల చేతులు కూడా ఉండేవన్నది మరచిపోకూడని సంగతి. పిల్లల పుట్టినరోజు నాడు మరీ.

బెలూనుకూ కొవ్వొత్తికీ చుట్టరికం ఒకటుంది. మొదటి రబ్బరు బెలూను 1824లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే తన ప్రయోగాల కోసం చేసుకున్నది. రెండు రబ్బరు పొరల అంచులు నొక్కి అతికించి, లోపల అంటుకోకుండా పిండి చల్లాడు, అందులో హైడ్రోజన్ నింపాడు. ఆయనే తర్వాత అదే చోట చిన్నవాళ్ల కోసం క్రిస్మస్ ఉపన్యాసాల్లో ఒక్క కొవ్వొత్తిని పట్టుకుని రసాయనశాస్త్రమంతా చెప్పాడు. 1848లో ఒకసారి, 1860 చివర్లో మరోసారి. ఒడుగత్తూరులో ఒక పాప ముందు ఈ రెండూ పక్కపక్కన ఉన్నాయని ఆయనకు తెలిస్తే సంతోషించేవాడు.

ఐదున్నరకు అందరూ పుట్టినరోజు పాట అందుకున్నారు. ఆ బాణీ అమెరికాలో కెంటకీ రాష్ట్రపు లూయివిల్ పట్టణంలో శిశుపాఠశాల నడిపిన ప్యాటీ హిల్, ఆమె అక్క మిల్‌డ్రెడ్ హిల్‌లది. పిల్లలకు పొద్దుటి పలకరింపుగా కట్టిన పాట అది, 1893లో అచ్చయింది. అన్నీ పసివాళ్ల గొంతులకు అందే అడుగులే, ఒక్క మూడో పాదంలో తప్ప. అక్కడ కింది పంచమం నుంచి పై పంచమానికి ఒక్క గెంతు. ఎక్కడ విన్నా జనం శ్రుతి తప్పేది అక్కడే. మేమూ అక్కడే తప్పాం. పాప మాత్రం ఆ గెంతు దగ్గర అందరి ముఖాలూ ఒకసారి చూసి నవ్వింది.

తర్వాత పళ్లెంలో ఎర్రనీళ్లు. పసుపు నీళ్లలో చిటికెడు సున్నం పడితే ఎర్రబడుతుంది, పసుపులోని రంగు క్షారానికి మారుతుంది. దిష్టి తీసి ఆ నీళ్లు గుమ్మం బయట పోసేసరికి ఆరు దాటింది. పెద్దలు విస్తళ్ల ముందు కూర్చున్నారు. పాప లోపలికి వెళ్లిపోయిందని చాలామంది గమనించనే లేదు. ఏడుకు ఐదు నిమిషాలుండగా ఊయల చప్పుడు ఆగింది.

రాత్రి గిన్నెలు కడిగాక అవ్వ దినసరి క్యాలెండరులో ఏప్రిల్ 13 కాగితం చింపి, వెనకవైపు తెలుగులో రాసి, పంచాంగంలో పెట్టింది. మర్నాడు చూశాను. బియ్యం మూడున్నర చాలు. వంకాయ ఇంకో కిలో. కొవ్వొత్తి దగ్గర ఫ్యాను ఆపాలి. పెరుగన్నం గరిటె మారింది.